మంట పన్నెండులో, మనుషులు ముప్పై ఏడులో: ఆ టీవీ సినిమాలో నిజమెంత?

అడిగిన విషయం ముందు క్లుప్తంగా చెబుతాను, కొత్తగా చదివేవాళ్లకు వీలుగా ఉంటుంది. హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో 19వ అంతస్తులో నైట్ షిఫ్ట్ చేసే ఒక తమ్ముడు, 1991లో అమెరికాలో ఏబీసీ ఛానల్ కోసం తీసిన ‘ఫైర్: ట్రాప్డ్ ఆన్ ద థర్టీ సెవెంత్ ఫ్లోర్’ అనే సినిమాను రూమ్మేట్లతో కలిసి చూశారు. రాత్రిపూట ఆఫీసు బిల్డింగ్ తగలబడుతుంది, ఇద్దరు ఉద్యోగులు 37వ అంతస్తులో చిక్కుకుపోతారు, కింద ఫైర్ సిబ్బంది నానా తంటాలు పడతారు. సినిమా బాగా చవగ్గా ఉందని, చాలాచోట్ల నవ్వొచ్చిందని రాశారు. తర్వాత అది నిజంగా జరిగిన ప్రమాదమని తెలిసి కొన్ని సందేహాలు అడిగారు. మంట 12వ అంతస్తులో ఉంటే 37లో ఉన్నవాళ్లకు ఏం భయం? అంత పెద్ద బ్యాంకు బిల్డింగ్‌లో స్ప్రింక్లర్లు, అంటే మంట వేడికి పైకప్పు నుంచి నీళ్లు చల్లేవి, ఏమయ్యాయి? లిఫ్ట్‌లో దిగిపోవచ్చు కదా, లేదా టెర్రస్ మీదికెళ్లి హెలికాప్టర్ ఎక్కొచ్చు కదా? చివరగా, మా ఆఫీసులో ఇలా జరిగితే ఏం చేయాలి?

నేను అగ్నిమాపక శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు ఆఫీసు భవనాలకు ఫైర్ ఆడిట్లు చేస్తుంటాను. మంటల సినిమా ఏదొచ్చినా వదలను, మా ఇంట్లో దాన్ని జబ్బు కింద లెక్కేస్తారు.

ముందు సినిమా గురించి. చవకబారుగా ఉందన్న మాట నిజమే. ‘సిక్స్ మిలియన్ డాలర్ మ్యాన్’ సీరియల్‌తో పేరు తెచ్చుకున్న లీ మేజర్స్ ఇందులో ఫైర్ అధికారి. లిసా హార్ట్‌మన్, పీటర్ స్కోలారీ చిక్కుకుపోయిన ఇద్దరు. టీవీ కోసం తీసే సినిమాకు షూటింగ్ రోజులు తక్కువ, సెట్లు తక్కువ. ఒకటే కారిడార్, గోడ మీద అంతస్తు నంబరు మారుస్తారు. ప్రకటనల విరామానికి ముందు ఏదో ఒకటి పేలాలి, లేకపోతే జనం ఛానల్ మార్చేస్తారు. ఇవన్నీ మీరు గమనించే నవ్వారు. కానీ నా అభిప్రాయం కొంచెం వేరు. డబ్బు లేకపోవడం వల్లనే ఈ సినిమా ఒక విషయంలో పెద్ద సినిమాల కన్నా నిజానికి దగ్గరగా వచ్చింది. మంటలు చూపించడానికి ఖర్చవుతుంది. చీకటి గదిలో ఇద్దరు కూర్చుని ఫోన్ కోసం, ఊపిరి కోసం, ఎవరైనా వస్తారేమోనని ఎదురుచూడటం చూపించడానికి పెద్దగా ఖర్చు కాదు. ఎత్తైన భవనంలో చిక్కుకుపోయినవాళ్లకు జరిగేది అచ్చంగా అదే. వాళ్లలో చాలామంది చివరిదాకా మంటను కళ్లతో చూడరు.

1974లో వచ్చిన ‘ది టవరింగ్ ఇన్‌ఫెర్నో’ దీనికి సరిగ్గా ఎదురు. రెండు పెద్ద స్టూడియోలు చేతులు కలిపి, కోటీ నలభై లక్షల డాలర్లు పెట్టి, 138 అంతస్తుల బిల్డింగ్‌ను ఊహించి తీశాయి. అందులో ప్రతి మలుపులోనూ మంట ఎదురొస్తుంది. చివరికి పైన ఉన్న నీళ్ల ట్యాంకులు పేల్చి ఆర్పేస్తారు. చూడటానికి అద్భుతంగా ఉంటుంది. మా డిపార్ట్‌మెంట్‌లో ఆ సీను గురించి జోకులు వేసుకునేవాళ్లం.

ఇక అసలు ప్రమాదం. లాస్ ఏంజెలెస్‌లో విల్‌షైర్ బౌలెవార్డ్ మీద ఫస్ట్ ఇంటర్‌స్టేట్ బ్యాంకు టవర్. 62 అంతస్తులు, 1973లో కట్టారు. ప్రమాదం జరిగేనాటికి కాలిఫోర్నియాలో అదే అన్నిటికన్నా ఎత్తైనది. ఇప్పటికీ ఉంది, పేరు మారి ఏయాన్ సెంటర్ అయింది. 1988 మే 4 రాత్రి పది దాటాక 12వ అంతస్తులోని ఆఫీసు హాల్లో నిప్పు పుట్టింది. గోడలు లేకుండా డెస్కులు, కంప్యూటర్లు, కుర్చీలు వరసగా ఉన్న పెద్ద హాలు. మీ ఆఫీసు హాలు కూడా దాదాపు అలాగే ఉండి ఉంటుంది. ఆ సమయంలో బిల్డింగ్ మొత్తంలో ఉన్నది దాదాపు 40 మంది. క్లీనింగ్ చేసేవాళ్లు, సెక్యూరిటీ, పని తెమలక ఆగిపోయిన ఉద్యోగులు, స్ప్రింక్లర్ పైపులు బిగిస్తున్న పనివాళ్లు.

పొగ డిటెక్టర్లు వాటి పని అవి చేశాయి. కింద సెక్యూరిటీ డెస్కులో అలారం మోగింది. రీసెట్ చేశారు. మళ్లీ మోగింది, మళ్లీ రీసెట్ చేశారు. బిల్డింగ్‌లో పనులు జరుగుతున్నప్పుడు దుమ్ముకు కూడా డిటెక్టర్లు మోగుతాయి. ఉత్తుత్తి అలారాలకు అలవాటు పడ్డ చెవులు అసలు అలారాన్ని కూడా అలాగే వింటాయి. కాస్త చూసి రమ్మని మెయింటెనెన్స్ ఉద్యోగి ఒకరిని పైకి పంపారు. ఆయన సర్వీసు లిఫ్ట్‌లో నేరుగా 12వ అంతస్తుకే వెళ్లారు. తలుపు తెరుచుకుంది, ఆయన తిరిగి రాలేదు. ఆ రాత్రి పోయిన ఒకే ఒక్క ప్రాణం అది.

ఫైర్ డిపార్ట్‌మెంట్‌కు మొదటి ఫోన్ 10:37కు వెళ్లింది. అది బిల్డింగ్ నుంచి కాదు, బయట నుంచి మంట చూసినవాళ్లు చేసింది. అంటే నిప్పు పుట్టిన తర్వాత పది నిమిషాలకు పైగా, లోపల అలారాలు మోగుతూనే ఉన్నా, ఆర్పేవాళ్లకు కబురే లేదు. ఇంటి బయట కాలక్షేపానికి పది నిమిషాలంటే ఏం కాదు. ఫోమ్ కుర్చీలు, ప్లాస్టిక్ సామాను నిండిన హాల్లో మాత్రం పది నిమిషాల్లో ఒక కుర్చీ మంట హాలు మొత్తానికి పాకుతుంది. పైకప్పు కింద వేడి పొగ పేరుకుని అయిదారు వందల డిగ్రీలకు చేరితే హాల్లో ఉన్న సామానంతా ఒక్కసారిగా అంటుకుంటుంది. దాన్ని ఫ్లాష్‌ఓవర్ అంటాం. అక్కణ్ణుంచి బకెట్లతో, చేతి సిలిండర్లతో పని కాదు.

మంట 12 నుంచి 16వ అంతస్తు దాకా ఎక్కింది. ఎలా ఎక్కిందనేది ముఖ్యం. మెట్ల మీదుగా కాదు. బయటి గ్లాసు గోడకూ, లోపలి స్లాబుకూ మధ్య సందు ఉంటుంది, అందులోంచి కొంత మంట పైకి దూరింది. వేడికి గ్లాసులు పగిలి మంట బయటికి వచ్చి, పైఅంతస్తు గ్లాసులను నాకింది. అవి పగిలాక లోపలికి దూరింది. అలా ఒక్కో అంతస్తూ. పైనుంచి రాలిన గాజుపెంకులు కింద రోడ్డు మీద పరిచిన హోస్‌లను కోసేశాయి. మొత్తం 383 మంది ఫైర్ సిబ్బంది నాలుగు గంటలకు దగ్గరగా పోరాడి 16వ అంతస్తులో ఆపారు. ఉక్కు దూలాలకు పూసిన రక్షణ పూత పనిచేసింది కాబట్టి భవనం నిలబడింది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. 37లో ఉన్నవాళ్లకు మంట రాలేదు. సినిమాలో కనిపించే ఆ ఇద్దరికీ ఆధారం నిజంగానే ఆ అంతస్తులో చిక్కుకుని బయటపడ్డ ఇద్దరు. వాళ్ల మీదికి వచ్చింది పొగ. ఎత్తైన బిల్డింగ్‌లో లిఫ్ట్ షాఫ్టులు, మెట్ల బావులు, ఏసీ డక్టులు, కేబుళ్లు వెళ్లే దారులు అన్నీ కింది నుంచి పైదాకా ఖాళీగా ఉంటాయి. వేడి పొగకు అవి వంటింటి పొగగొట్టంలా పనిచేస్తాయి. పైకి పోయేకొద్దీ పొగ చల్లబడి, తేలే శక్తి తగ్గి, మధ్యలో ఎక్కడో ఒకచోట పక్కలకు పరుచుకుంటుంది. అందుకే మంటకు రెండు మూడు అంతస్తుల పైన ఉన్నవాళ్ల కన్నా ఇరవై అంతస్తుల పైన ఉన్నవాళ్లకు పొగ ముందు చేరిన సందర్భాలూ ఉన్నాయి. దానికి తోడు ఫైర్ సిబ్బంది మెట్ల దగ్గర ఎప్పుడూ నీళ్లు నిండి ఉండే నిలువు పైపుకు (వెట్ రైజర్) హోస్ తగిలించి, మెట్ల తలుపు తెరిచి లోపలికి నీళ్లు కొట్టాలి. తలుపు తెరవకుండా హోస్ వెళ్లదు. తెరిస్తే మెట్ల బావిలోకి పొగ, వేడి. ఆర్పడానికి చేసే పనే పైనున్నవాళ్ల దారి మూసేస్తుంది. లాస్ ఏంజెలెస్‌లో అలాగే జరిగింది. ఈ చిక్కును చూపించిన సినిమా నాకు ఇంతవరకూ కనబడలేదు. చూపిస్తే ఎవరిని హీరో చేయాలో తెలియదు కాబోలు.

పొగ అంటే కళ్లు మండే పొగ అనుకోకండి. ఆఫీసు కుర్చీల్లోని ఫోమ్ కాలితే హైడ్రోజన్ సైనైడ్ అనే విషవాయువు వస్తుంది. ఏది కాలినా కార్బన్ మోనాక్సైడ్ అనే ఇంకో విషవాయువు వస్తుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. ముందు తలనొప్పి, తర్వాత తికమక. తలుపు ఎటుందో తెలిసినా కాళ్లు అటు పోవు. సినిమాలో హీరో పొగలో దగ్గుతూనే పది డైలాగులు చెబుతాడు చూడండి, అక్కడ నాకు ఒళ్లు మండుతుంది.

అది ఎందుకలా తీస్తారో కూడా చెప్పాలి. సినిమా మంట ప్రొపేన్ గ్యాసుతో పుడుతుంది. రంధ్రాలున్న పైపులు కెమెరా ముందు, వెనక పెట్టి గ్యాసు వదిలి అంటిస్తారు. డైరెక్టర్ కట్ అనగానే వాల్వు తిప్పితే ఆరిపోతుంది. నటులకు అదే క్షేమం. ప్రొపేన్ శుభ్రంగా కాలుతుంది, పసుపు మంట, మసి దాదాపు ఉండదు. పొగ కావాలంటే విడిగా మెషీన్‌తో తెల్లటి పొగ వదులుతారు. అసలు ఆఫీసు మంటలో నల్లటి పొగ పైకప్పు నుంచి నడుము దాకా దిగి వస్తుంది, లైట్లు పోతాయి, మన చెయ్యి మనకే కనపడదు. దాన్ని ఉన్నదున్నట్టు తీస్తే తెర మొత్తం నల్లగా ఉంటుంది, ఎవరు చూస్తారు? అందుకే సినిమాల తప్పు అనను. కానీ చిన్నప్పటి నుంచి ఇవే చూసి పెరిగినవాళ్ల మనసులో ‘పొగలో నిలబడి నడిచి వెళ్లొచ్చు’ అనే నమ్మకం పాతుకుపోయి ఉంటుంది. డ్రిల్లులో వంగి నడవమంటే నవ్వేది అందుకే.

స్ప్రింక్లర్ల సంగతి కాస్త ఎక్కువసేపు చెబుతాను, ఈ కథ మొత్తంలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. ఆ టవర్ కట్టినప్పుడు అక్కడి చట్టం ఆఫీసు భవనానికి స్ప్రింక్లర్లు ఉండి తీరాలని అడగలేదు. తర్వాత యాజమాన్యమే తమంతట తాము పెట్టించడం మొదలుపెట్టింది. మంట పుట్టిన రాత్రికి పని దాదాపు 90 శాతం అయిపోయింది. పైపులు వచ్చాయి, స్ప్రింక్లర్ హెడ్లు బిగించారు. కానీ నీళ్లు పారితే మోగే ఫ్లో అలారాలు ఇంకా బిగించలేదు కాబట్టి వాల్వులు మూసి ఉంచారు. కాలుతున్న హాలు పైకప్పుకు స్ప్రింక్లర్లు ఉన్నాయి, వాటిలో నీళ్లు లేవు. అంతేకాదు, ఆ రాత్రి పైపుల పని కోసం ఫైర్ పంపులు కూడా ఆపేసి ఉన్నాయి. ఆ పని చేయిస్తున్న సూపర్‌వైజర్ అదృష్టవశాత్తూ అక్కడే ఉండి పంపులు మళ్లీ ఆన్ చేయించారు కాబట్టి ఫైర్ సిబ్బంది హోస్‌లకు సరిపడా నీళ్లు అందాయి.

సినిమాలకు ఇలాంటి విలన్ పనికిరాడు. నాసిరకం వైరు వాడిన కాంట్రాక్టరు, లంచం తిన్న ఇన్‌స్పెక్టరు ఉంటే కథ నడుస్తుంది. ఇక్కడేమో యజమాని డబ్బు పెట్టాడు, పనివాళ్లు నిజాయతీగానే పని చేస్తున్నారు, ఇంకాస్త పని మిగిలింది, అంతే. పని నడుస్తున్నన్నాళ్లు ఆ అంతస్తులను ఎవరు కనిపెట్టుకుని ఉండాలి, వాల్వు మూసిన గంటల్లో అక్కడ ఎవరు తిరుగుతూ చూడాలి అనేది ఎవరికీ అప్పజెప్పలేదు. మన దగ్గర ఆడిట్లలో నేను ఎక్కువగా పట్టుకునేదీ ఇదే. ఇంటీరియర్ పని కోసం ఒక ఫ్లోర్ వాల్వు మూస్తారు, కొత్త టీమ్ వచ్చి కూర్చుంటుంది, వాల్వు మూసే ఉంటుంది. మాదాపూర్‌లో ఒక ఆఫీసులో ఫైర్ పంపు సెలెక్టర్ స్విచ్ ‘ఆటో’లో కాకుండా ‘ఆఫ్’లో ఉంది. అడిగితే ‘సార్, ఆన్ చేస్తే శబ్దం వస్తోందని పై ఫ్లోర్ వాళ్లు కంప్లైంట్ చేశారు’ అన్నారు.

స్ప్రింక్లర్లు పనిచేస్తే ఏమయ్యేదో చెప్పడానికి ఊహ అక్కర్లేదు. ఈ సినిమా వచ్చిన 1991 ఫిబ్రవరిలోనే, 23వ తేదీ రాత్రి, ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల ఆఫీసు భవనం అంటుకుంది. 22వ అంతస్తులో చెక్కపని చేసినవాళ్లు వదిలేసిన లిన్‌సీడ్ నూనె గుడ్డలు వాటంతటవే వేడెక్కి అంటుకున్నాయి. కరెంటు పోయింది. ప్రతి అంతస్తులో హోస్ తగిలించే చోట ఉన్న వాల్వుల ఒత్తిడి తక్కువకు సెట్ చేసి ఉండటంతో హోస్‌లలో నీళ్లు సరిగా రాలేదు. పైకి వెళ్లిన ముగ్గురు ఫైర్ సిబ్బంది పొగలో దారి తప్పి, సిలిండర్లలో గాలి అయిపోయి 28వ అంతస్తులో చనిపోయారు. భవనం కూలుతుందేమోనని అధికారులు చివరికి అందరినీ బయటికి పిలిచేశారు. మంటకు ఎదురు లేదు. ఒక్కో అంతస్తూ కాల్చుకుంటూ 30వ అంతస్తుకు వెళ్లింది. అక్కడ అద్దెకున్న సంస్థ స్ప్రింక్లర్లు పెట్టించుకుంది. పది హెడ్లు తెరుచుకున్నాయి, మంట అక్కడితో ఆగిపోయింది. వందల మంది గంటల తరబడి పోరాడినా ఆగని మంట అది.

ఇంకో చిన్న మాట. సినిమాల్లో ఎవడో లైటర్ వెలిగించగానే బిల్డింగ్ అంతా వాన కురుస్తుంది. మామూలు ఆఫీసు స్ప్రింక్లర్ అలా పనిచేయదు. తల ఎత్తి చూడండి, ఎర్రటి ద్రవం ఉన్న సన్నటి గాజు గొట్టం కనిపిస్తుంది. అది దాదాపు 68 డిగ్రీల దగ్గర పగులుతుంది. పగిలిన చోటే నీళ్లు పడతాయి, పక్కది పొడిగానే ఉంటుంది. కంప్యూటర్లన్నీ తడిసిపోతాయని భయపడి వాల్వు మూయించే ఐటీ మేనేజర్లకు ఈ మాట చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది.

లిఫ్ట్ గురించి అడిగారు. లాస్ ఏంజెలెస్‌లో పోయిన ఒక్క ప్రాణం లిఫ్ట్‌లోనే పోయింది, పైన చెప్పాను. 1970 ఆగస్టు 5న న్యూయార్క్‌లో వన్ న్యూయార్క్ ప్లాజా అనే భవనంలో ఇంకా విచిత్రం జరిగింది. అప్పటి లిఫ్ట్ బటన్లు వేలి వేడికి పనిచేసే రకం. మంట వేడికి ఆ బటన్ దానంతటదే నొక్కినట్టయి, లిఫ్ట్ నేరుగా కాలుతున్న అంతస్తుకు వెళ్లి తలుపు తెరిచింది. ఇద్దరు చనిపోయారు. ఇప్పటి బటన్లు అలా కాకపోయినా కారణం మారలేదు. లిఫ్ట్ షాఫ్టులో పొగ నిండుతుంది, ఆర్పే నీళ్లు పడితే వైరింగ్ పోతుంది, కరెంటు పోతే మధ్యలో ఆగుతుంది. ఫైర్‌మెన్ లిఫ్ట్ అని విడిగా ఉంటుంది, దాని తాళం, దాని వాడకం ఫైర్ సిబ్బంది పని. మీది కాదు.

హెలికాప్టర్ సంగతి రెండువైపులా ఉంది. ఆ రాత్రి లాస్ ఏంజెలెస్‌లో కొందరిని నిజంగానే పైకప్పు మీది నుంచి హెలికాప్టర్‌లో తీసుకెళ్లారు. ఆ నగరం 1974 నుంచి ఎత్తైన భవనాలకు పైన హెలికాప్టర్ దిగే చోటు ఉండాలని నిబంధన పెట్టింది. అక్కడి టవర్లు చాలావరకు మొండిగా, చదునుగా ఉండటానికి కారణం అదే. 2014లో ఆ నిబంధన తీసేశారు, దిగే దారులు, స్ప్రింక్లర్లు మెరుగయ్యాయి కాబట్టి. బ్రెజిల్‌లో సావో పాలో నగరంలో 1972లో ఆంద్రావుస్ అనే భవనం కాలినప్పుడు పైన హెలిప్యాడ్ ఉంది, వందల మంది బతికిపోయారు. ఆ కథ ఊరంతా పాకింది. రెండేళ్లకు, 1974 ఫిబ్రవరి 1న, అదే ఊళ్లో 25 అంతస్తుల జోయెల్మా భవనం 12వ అంతస్తులో ఏసీ షార్ట్ సర్క్యూట్‌తో అంటుకుంది. జనం హెలికాప్టర్ వస్తుందని పైకి పరుగెత్తారు. అక్కడ దిగే చోటు లేదు. వేడికి, పొగకు హెలికాప్టర్లు దగ్గరికి రాలేకపోయాయి. 170 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో చాలామంది పైకప్పు మీదే. మన హైదరాబాద్‌లో మంట సమయానికి మీ టెర్రస్ మీదికి హెలికాప్టర్ వస్తుందని ప్లాన్ వేసుకోకండి. నిచ్చెన బండి సంగతీ అంతే. తెలంగాణ అగ్నిమాపక శాఖ దగ్గర ఉన్న బ్రాంటో స్కైలిఫ్ట్ 54 మీటర్ల దాకా వెళ్తుంది. రోడ్డు, కరెంటు తీగలు, పార్క్ చేసిన కార్లు అన్నీ దారిస్తేనే.

‘ఇదంతా అమెరికా కథ’ అని కింద ఒకరు కామెంట్ పెట్టారు. 2010 ఫిబ్రవరి 23న బెంగళూరు కార్ల్‌టన్ టవర్స్ ఏడంతస్తుల ఆఫీసు భవనమే, 62 కాదు. తొమ్మిది మంది పోయారు, పొగ తట్టుకోలేక కిటికీల్లోంచి దూకినవాళ్లు అందులో ఉన్నారు. 2023 మార్చి 16 రాత్రి సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ మీకు గుర్తుండే ఉంటుంది. అయిదో అంతస్తులో ఉద్యోగం చేస్తున్న ఆరుగురు కుర్రవాళ్లు, అమ్మాయిలు పొగలో ఊపిరాడక చనిపోయారు. జిల్లాల నుంచి ఉద్యోగానికి వచ్చినవాళ్లు, మీ వయసువాళ్లే. లోపలి నుంచి ఇళ్లకు ఫోన్లు కూడా చేశారు. వాళ్ల గది కాలి వాళ్లు పోలేదు.

కాబట్టి మీ చివరి ప్రశ్నకు. ఈ వారం ఒక రాత్రి బ్రేక్‌లో మీ అంతస్తు నుంచి మెట్ల మీదుగా కిందిదాకా ఒకసారి దిగండి. రెండు మెట్లదారులు ఉండాలి, రెండూ చూడండి. తలుపు దానంతటదే మూసుకుంటుందా, ఎవరైనా గాలి కోసం సిలిండర్ అడ్డం పెట్టి తెరిచి ఉంచారా? పాత కుర్చీలు, అట్టపెట్టెలు పడేశారా? కింద బయటికి తెరుచుకునే తలుపుకు రాత్రిపూట తాళం వేస్తున్నారా? పగలు అన్నీ సవ్యంగా ఉండి రాత్రి తాళం వేసే భవనాలు చాలా చూశాను, మీది నైట్ షిఫ్ట్ కాబట్టి అడుగుతున్నాను. 24 మీటర్లు దాటిన భవనంలో రెఫ్యూజ్ ఏరియా ఉండాలి, ప్రమాదంలో ఆగి సాయం కోసం ఎదురుచూడటానికి బయటి గాలికి తెరిచి ఉండే చోటు. మీకు దగ్గరిది ఏ అంతస్తులో ఉందో కనుక్కోండి. కొన్నిచోట్ల దాన్ని స్మోకింగ్ జోన్‌గానో, జనరేటర్ సామాను పెట్టే చోటుగానో వాడుతున్నారు, అది వేరే గోల.

అలారం మోగితే సెక్యూరిటీ చెబుతారులే అని కూర్చోకండి. మెట్లవైపు నడవండి. పొగ వాసన వచ్చినా, చూసినా 101కు మీరే ఫోన్ చేయండి. పది మంది ఒకే విషయానికి చేసినా కంట్రోల్ రూమ్‌లో ఎవరూ తిట్టరు. మెట్ల తలుపు ముట్టుకుని చూడండి. వేడిగా ఉంటే తెరవకండి. మెట్లలో పొగ దట్టంగా ఉంటే రెండో మెట్లదారికి వెళ్లండి, అదీ అలాగే ఉంటే ఆఫీసులోకి తిరిగొచ్చి మంటకు దూరంగా, కిటికీ ఉన్న గది చూసుకుని తలుపు మూసి, కింది సందులో తడిగుడ్డలు కుక్కండి. ఏసీ గాలి వచ్చే చోట్లు కూడా మూయండి. పొగ కొట్టుకొచ్చే దారులకు దూరంగా ఉండటం, మీ జాడ కిందివాళ్లకు తెలియడం, ఈ రెండూ ముఖ్యం. సినిమాలో లాగా కుర్చీ ఎత్తి గ్లాసు పగలగొట్టడం ఆఖరి ప్రయత్నం. కింది అంతస్తు మంట అదే గోడ మీదుగా పైకి వస్తుంటే పగిలిన కిటికీ లోంచి పొగ లోపలికే వస్తుంది, పగిలిన గాజు కింద ఉన్నవాళ్ల మీద పడుతుంది.

లోపల ఉండిపోవాల్సి వస్తే ఫోన్‌లో చెప్పాల్సిన మాటలు ముందే తెలిసి ఉండాలి. ఎంతమంది ఉన్నారు, భవనంలో ఏ వైపు, ఏ టవర్, ఏ అంతస్తు. అంతస్తు దగ్గర జాగ్రత్త. మీ బిల్డింగ్‌లో కింద నాలుగు పార్కింగ్ అంతస్తులు ఉండి, వాటి తర్వాత ఒకటి నుంచి లెక్క మొదలైతే, మీ 19 బయట నిలబడి లెక్కపెట్టేవాళ్లకు 23 అవుతుంది. కొన్ని బిల్డింగుల్లో 13వ నంబరే ఉండదు. ‘లిఫ్ట్‌లో 19, పార్కింగ్‌తో కలిపి 23’ అని రెండూ చెప్పండి. ఎంతో నేల నుంచి లెక్కపెట్టి ఈరోజే రాసి పెట్టుకోండి.